ప్రదర్శన ప్రారంభోత్సవం: చిత్రకారులు, శిల్పులు, గ్యాలరీ

1.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• కళాప్రదర్శన ప్రారంభోత్సవం అనే ఆచారం ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
• ఎంపిక, అమరిక, అమ్మకం అనే మూడు అధికారాల మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• 1863, 1874 పారిస్ ప్రదర్శనల ప్రాధాన్యాన్ని తెలపగలుగుతారు.
• స్వాతంత్ర్యానంతరం భారతీయ కళాకారుల బృందాలు చేసిన ప్రయత్నాలను పేర్కొనగలుగుతారు.

1.1 పరిచయం

ఆర్ట్ గ్యాలరీలో కొత్త ప్రదర్శన మొదలయ్యే సాయంత్రం పైకి చిన్న విందులా కనిపిస్తుంది. ముఖ్య అతిథి దీపం వెలిగిస్తారు, రెండు మాటలు మాట్లాడతారు. టీ, ఫలహారాలు వస్తాయి. గోడల మీద చిత్రాలు, దిమ్మెల మీద శిల్పాలు ఉంటాయి. వచ్చినవారిలో సగంమంది వాటికి వీపు తిప్పి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఉంటారు. కళకూ ఈ సందడికీ సంబంధమేమిటన్న సందేహం కలగడం సహజం.

అయితే ఆ సాయంత్రానికి ముందే మూడు విషయాలు తేలిపోయి ఉంటాయి. ఎవరి కృతులు ప్రదర్శనలోకి రావాలి? అవి ఎక్కడ, ఏ వెలుతురులో ఉండాలి? అమ్ముడుపోతే ఎవరికెంత దక్కాలి? వీటినే మనం ఎంపిక, అమరిక, అమ్మకం అని పిలుద్దాం. ఈ మూడింటిపై అధికారం ఎవరిదో తెలిస్తే ఆ ప్రారంభోత్సవం ఎవరి కోసం జరుగుతున్నదో తెలుస్తుంది. ఈ పాఠం ఆ అధికారం చేతులు మారిన తీరును పరిశీలిస్తుంది.

1.2 వార్నిష్ పూసే రోజు

ఫ్రాన్సులో ప్రదర్శన ప్రారంభ వేడుకను ‘వెర్నిసాజ్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం వార్నిష్ పూయడం. తైలవర్ణ చిత్రం ఆరేకొద్దీ కొన్ని రంగులు మసకబారుతాయి. వార్నిష్ పూస్తే వాటికి నిగారింపు వస్తుంది. చిత్రాన్ని గోడకు తగిలించాక, ప్రజలను లోపలికి అనుమతించే ముందు, చిత్రకారులు వచ్చి ఈ చివరి పని చేసుకొనేవారు. అంటే నేటి వేడుకకు మూలం విందు కాదు, పనిదినం.

లండన్‌లోని రాయల్ అకాడమీ 1768లో ఏర్పడింది. తన సభ్యులకు వార్నిష్ దినాలను 1809 నుంచి నియమంగా కేటాయించింది. నాటి ప్రదర్శనల్లో చిత్రాలను నేల దగ్గర నుంచి పైకప్పు దాకా వరుసలుగా పేర్చేవారు. కంటి ఎత్తున చోటు దొరికితే గౌరవం. పైకప్పు దగ్గరకు పోతే చూసేవారే ఉండరు. పక్కన ఏ చిత్రం వేలాడుతున్నదన్నది కూడా ముఖ్యమే. 1832లో టర్నర్ గీసిన బూడిదరంగు సముద్రదృశ్యం, కాన్‌స్టబుల్ గీసిన వాటర్లూ వంతెన ప్రారంభ చిత్రం పక్కన పడింది. కాన్‌స్టబుల్ చిత్రం ఎరుపు, బంగారు వన్నెలతో వెలిగిపోతున్నది. టర్నర్ తన సముద్రం మీద ఒక చిన్న ఎర్రచుక్క పెట్టి వెళ్లిపోయాడు. తరవాత దాన్ని నీటిలో తేలే బోయాగా దిద్దాడు. ఆ ఒక్క చుక్కతో చూపరుల కన్ను అతని చిత్రం వైపు మళ్లింది. అమరిక కూడా కళలో భాగమేనని ఈ ఉదంతం తెలుపుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ పారిస్‌లో ఈ పనిదినానికి ఆహూతులు రావడం మొదలైంది. ధనికులు, పత్రికారచయితలు, నటీమణులు అందరికన్నా ముందు చూడాలని పోటీపడ్డారు. కుంచె పట్టుకున్నవారి రోజు క్రమంగా ఆహ్వానపత్రం అందుకున్నవారి రోజుగా మారింది.

1.3 ఎంపిక ఎవరిది? 1863 నాటి వివాదం

పారిస్‌లో ప్రభుత్వ ఆదరణతో జరిగే ప్రదర్శనకు ‘సలోన్’ అని పేరు. లూవ్ర్ భవనంలోని ఒక పెద్ద గది పేరు మీద దానికా పేరు వచ్చింది. ఆ రోజుల్లో చిత్రకారుడికి పేరు రావాలన్నా, కొనుగోలుదారులు దొరకాలన్నా సలోన్‌లో చోటు దక్కడమే ప్రధాన మార్గం. ఆ చోటును నిర్ణయించేది న్యాయనిర్ణేతల సంఘం.

1863లో వచ్చిన సుమారు 5000 కృతుల్లో సగానికి పైగా ఈ సంఘం తిరస్కరించింది. కళాకారులు గగ్గోలు పెట్టారు. చక్రవర్తి మూడో నెపోలియన్, తిరస్కృత కృతులను అదే భవనంలో వేరుగా ప్రదర్శించి, మంచిచెడ్డలను ప్రజలకే వదిలేయాలని ఆదేశించాడు. తిరస్కృతుల ప్రదర్శన అలా ఏర్పడింది. ఎదువార్ మానే గీసిన ‘పచ్చికపై భోజనం’, విజ్లర్ గీసిన తెల్లదుస్తుల యువతి చిత్రం జనం చూసింది అక్కడే. చాలామంది నవ్వడానికే వచ్చారు. ఎగతాళికి భయపడి ముందే తమ చిత్రాలను వెనక్కు తీసుకుపోయిన కళాకారులూ ఉన్నారు. అయినా ఒక మార్పు వచ్చింది. న్యాయనిర్ణేతల మాటే తుది మాట కాదని తొలిసారి బహిరంగంగా తేలింది. అయితే ఈ అవకాశం కూడా పైనుంచి వచ్చిందే. అనుమతి ఇచ్చినవాడు చక్రవర్తి.

1.4 కళాకారులే నిర్వాహకులు: 1874

పదకొండేళ్ల తరవాత మోనే, పిస్సారో, రెన్వార్, దెగా, సిస్లే, బెర్త్ మొరిజో మొదలైనవారు మరో దారి ఎంచుకున్నారు. చిత్రకారులు, శిల్పులు, ముద్రణ చిత్రకారులు కలిసి సంఘంగా ఏర్పడ్డారు. సభ్యత్వ రుసుము ఏడాదికి 60 ఫ్రాంకులు. ఫొటోగ్రాఫర్ నదార్ అంతకుముందు వాడిన స్టూడియోలో 1874 ఏప్రిల్ 15న, సలోన్ తెరవడానికి సుమారు రెండు వారాల ముందు, తమ ప్రదర్శన ప్రారంభించారు. ప్రవేశ రుసుము ఒక ఫ్రాంకు. పగలు పనిచేసుకొనేవారికి వీలుగా రాత్రి 8 నుంచి 10 దాకా కూడా తలుపులు తెరిచి ఉంచారు. సుమారు 30 మంది కళాకారులు పాల్గొన్నారు. వారిలో ఒత్తేన్ అనే శిల్పి కూడా ఉన్నాడు.

ఇక్కడ తిరస్కరించే సంఘం లేదు. అమరిక కళాకారులదే. ప్రదర్శన నెలరోజులు సాగింది, సుమారు 3500 మంది చూశారు. ఒక వ్యంగ్య పత్రిక మోనే చిత్రం పేరులోని ‘ఇంప్రెషన్’ అనే మాటను పట్టుకొని వెక్కిరించింది. ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరు స్థిరపడటానికి ఆ వెక్కిరింతే తోడ్పడింది.

కాని లెక్క చూసుకుంటే నష్టమే మిగిలింది. సంవత్సరాంతంలో రెన్వార్ స్టూడియోలో సమావేశమైనప్పుడు ఒక్కో సభ్యుడు 184 ఫ్రాంకుల 50 సాంతీములు బాకీ ఉన్నట్లు తేలింది. సంఘాన్ని రద్దు చేసుకున్నారు. ఎంపికనూ అమరికనూ చేతిలోకి తీసుకోగలిగినా అమ్మకం వారి చేతికి రాలేదు. తరవాతి కాలంలో ఆ బాధ్యతను పోల్ ద్యురాన్-ర్యుయెల్ వంటి ప్రైవేటు వ్యాపారులు తలకెత్తుకున్నారు. నేటి గ్యాలరీ వ్యవస్థ బలపడింది ఆ దారిలోనే.

1.5 శిల్పి పరిస్థితి

చిత్రానికి మేకు, గోడ చాలు. శిల్పానికి నేల, దిమ్మె, చుట్టూ తిరిగే జాగా, అన్నివైపుల నుంచి వెలుతురు కావాలి. బరువు, రవాణా, పోత ఖర్చు అదనం. అందువల్ల చాలా ప్రదర్శనల్లో శిల్పాల సంఖ్య తక్కువ.

1881లో ఇంప్రెషనిస్టుల ఆరో ప్రదర్శన మొదలైనప్పుడు దెగా తన ‘పద్నాలుగేళ్ల చిన్ని నర్తకి’ కోసం అద్దాలపెట్టె మాత్రం పెట్టాడు. శిల్పం సిద్ధం కాలేదు. కొన్నాళ్లపాటు ప్రేక్షకులు ఖాళీ పెట్టెనే చూశారు. మైనంతో చేసి, నిజమైన గుడ్డ లంగా తొడిగిన ఆ బొమ్మ తరవాత వచ్చి చేరింది. ప్రారంభ తేదీ కళాకారుడి కోసం ఆగదు. ఈ ఒత్తిడి శిల్పుల మీద మరింత ఎక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
1. ‘వెర్నిసాజ్’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?
2. 1863, 1874 ప్రదర్శనల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?

1.6 భారతదేశంలో

ఇదే ప్రశ్న స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన కళాకారుల ముందుకూ వచ్చింది. 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ ఏర్పడింది. స్థాపక సభ్యులు ఆరుగురు. వారిలో సూజా, రజా, హుస్సేన్, ఆరా, గాడే చిత్రకారులు, బాక్రే శిల్పి. 1949లో వారి ప్రదర్శనను రచయిత ముల్క్ రాజ్ ఆనంద్ ప్రారంభించారు. ఆరా సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో పుట్టారు. చిన్నతనంలోనే బొంబాయి చేరి, ఇళ్లలో పనిచేసి, కార్లు కడిగి బతికారు. అలాంటి వ్యక్తి చిత్రకారుడిగా నిలదొక్కుకోవడానికి ఐరోపా నుంచి వచ్చి బొంబాయిలో స్థిరపడిన విమర్శకుడు రుడాల్ఫ్ వాన్ లీడెన్ వంటివారి ప్రోత్సాహం తోడ్పడింది. ప్రదర్శనకు వచ్చే ప్రేక్షకుల్లో ఒక్క పారఖీ ఉన్నా కళాకారుడి జీవితం మారవచ్చనడానికి ఇది నిదర్శనం.

1952లో బొంబాయిలో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ప్రారంభమైంది. కళాకారులు దరఖాస్తు చేసి అద్దెకు తీసుకోగలిగిన చోటు అది. 1963లో ‘గ్రూప్ 1890’ అనే 12 మంది బృందం ఢిల్లీలో ప్రదర్శన జరిపింది. భావనగర్‌లో వారు సమావేశమైన ఇంటి నంబరే ఆ పేరు. జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. అప్పటి మెక్సికో రాయబారి, కవి ఆక్తావియో పాజ్ పరిచయ వ్యాసం రాశారు. మద్రాసులో శిక్షణ పొందిన ఎం. రెడ్డెప్ప నాయుడు ఈ బృందంలో సభ్యులు. ఇంత ఆర్భాటంగా మొదలైనా బృందం మరో ప్రదర్శన జరపలేదు. ఘనమైన ప్రారంభం బృందానికి పేరు తేగలదు గాని ఆయుష్షు ఇవ్వలేదు.

1.7 నేటి గ్యాలరీలో

నేడు ప్రైవేటు గ్యాలరీలు సాధారణంగా కృతులను కొనవు. అమ్మిపెట్టే షరతు మీద తీసుకుంటాయి. అమ్ముడుపోతే మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ ఉంచుకోవడం వాడుక. ప్రతిగా స్థలం, కేటలాగు, ఆహ్వానాలు, ప్రారంభోత్సవం ఖర్చు సాధారణంగా గ్యాలరీ భరిస్తుంది. గదిని అద్దెకు తీసుకుంటే ఆ ఖర్చులన్నీ కళాకారుడివే. చీటీ పక్కన అంటించిన ఎర్రచుక్క కృతి అమ్ముడైందన్న గుర్తు.

కాబట్టి ప్రారంభోత్సవానికి ముందే కృతుల జాబితా, ధరలు, కమీషన్, రవాణా, నష్టం వస్తే బాధ్యత, సొమ్ము చెల్లించే గడువు రాతపూర్వకంగా ఉండాలి. కృతిని కొన్నంత మాత్రాన కాపీరైట్ కొనుగోలుదారుకు చేరదు. దాన్ని బదిలీ చేయాలంటే వేరుగా రాతపత్రం కావాలి. అంతేకాక, 1957 కాపీరైట్ చట్టం 53-ఎ సెక్షన్ ప్రకారం, మూలకృతి 10,000 రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడైతే, తొలి హక్కుదారుడైన కళాకారుడికి లేదా వారసులకు అందులో వాటా అడిగే హక్కుంది. ఆ వాటా 10 శాతానికి మించరాదు. తొలి అమ్మకం రసీదు దాచుకున్నవారికి ఈ హక్కు నిరూపించుకోవడం సులభం.

1.8 సారాంశం

ప్రారంభోత్సవం కళాకారుడి పనిదినంగా పుట్టి, ఆహూతుల వేడుకగా మారింది. 1863లో ఎంపిక అధికారం ప్రశ్నకు గురైంది. 1874లో కళాకారులు ఎంపికనూ అమరికనూ తామే చేపట్టారు, అమ్మకంలో మాత్రం ఓడిపోయారు. భారతీయ బృందాలు కూడా సొంత వేదికల కోసం ప్రయత్నించాయి. మీరు ఈసారి ఏదైనా ప్రదర్శన ప్రారంభానికి వెళ్లినప్పుడు చిత్రాలను, శిల్పాలను చూడటంతో పాటు ఈ మూడు ప్రశ్నలూ వేసుకోండి: వీటిని ఎంచినది ఎవరు? ఇలా అమర్చినది ఎవరు? అమ్మితే ఎవరికెంత?

1.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

I. 1. వార్నిష్ పూయడం. 2. మొదటిది చక్రవర్తి ఆదేశంతో, రెండోది కళాకారుల సొంత సంఘం ఆధ్వర్యంలో జరిగింది.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కళాప్రదర్శనలో ఎంపిక, అమరిక, అమ్మకం అధికారాలు చేతులు మారిన తీరును ఉదాహరణలతో వివరించండి.
2. 1874 ప్రదర్శన విజయమా, వైఫల్యమా? చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ప్రదర్శనల్లో శిల్పులు ఎదుర్కొనే ప్రత్యేక సమస్యలు ఏవి?
2. ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ గురించి రాయండి.