వార్తల్లో పదం: పీపీఎం

టూత్‌పేస్టు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే ‘పీపీఎం’ అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు ఫ్లోరైడ్ అన్న లెక్క. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము.

తీపి తిన్నాక నోటిలోని బాక్టీరియా వదిలే ఆమ్లం పంటి ఎనామిల్‌ను కరిగిస్తుంది. పోయిన ఖనిజాలు మళ్లీ చేరడానికి ఫ్లోరైడ్ సాయపడుతుంది. అయితే మోతాదు చాలాలి. 1000 పీపీఎం, ఆపైన ఉన్న పేస్టులు పిల్లల పళ్లు పుచ్చకుండా కాపాడతాయని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. 500 లోపు వాటికి అంత ఆధారం లేదు. మన దేశంలో గరిష్ఠ పరిమితి 1000. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొచ్చి భయపడటం సహజమే. అక్కడ ఎముకలను వంచింది ఏళ్ల తరబడి తాగిన, ఫ్లోరైడ్ మితిమీరి ఉన్న బోరు నీళ్లు; పేస్టు కాదు. మన సఖినేటిపల్లి మాత్రం గోదావరి ఒడ్డు ఊరు. నది నీటిలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువే. కాబట్టి ఇక్కడి పిల్లలకు పేస్టే ముఖ్యమైన రక్షణ.

మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మించండి, రాత్రి పడుకోబోయే ముందు తప్పక తోమించండి.