కారు నడిపింది ఆటగాడైతే: అపోహలు – వాస్తవాలు

2023 అక్టోబరు 10న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో శ్రీలంక, పాకిస్తాన్ జట్లు ప్రపంచ కప్ మ్యాచ్ ఆడాయి. కుశాల్ మెండిస్ 65 బంతుల్లో సెంచరీ బాది, మొత్తం 77 బంతుల్లో 122 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్ గుర్తున్నవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. అంతకు మూడేళ్ల ముందు, 2020 జూలై 5 తెల్లవారుజామున, కొలంబోకు దక్షిణాన ఉన్న పానదురలో ఇదే మెండిస్ కారు తగిలి, సైకిలు మీద వెళ్తున్న 64 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. పోలీసులు అరెస్టు చేశారు, మర్నాడు బెయిలొచ్చింది. ఈ సంగతి ఎంతమందికి గుర్తుంది? పేరున్న ఆటగాడి బండి కింద ఎవరైనా చనిపోయినప్పుడు జనం వెంటనే రెండు జట్లుగా చీలిపోతారు. వీణ్ని వదలకూడదని ఒకరు, పాపం కుర్రాడు, కావాలని చేశాడా అని ఇంకొకరు. ఈ ఇద్దరికీ అస్సలు పడదనుకుంటాం గానీ, ఇద్దరూ చూస్తున్నది ఒక్కరినే, ఆ ఆటగాణ్ని. చనిపోయిన మనిషి ఇంటికి న్యాయం జరిగే దారి వేరే చోట ఉంది. ఆ దారి మనకు కనపడకుండా చేస్తున్న అపోహలు కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయినది, స్టార్ అయితే చాలు తప్పించుకుంటాడన్నది. అమెరికా ఫుట్‌బాల్‌లో ఇద్దరి కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. 2009 మార్చిలో మయామిలో డాంటే స్టాల్‌వర్త్ తాగి కారు నడిపి, రోడ్డు దాటుతున్న 59 ఏళ్ల మనిషిని గుద్ది చంపాడు. పడిన శిక్ష 30 రోజుల జైలు, ఆ తర్వాత రెండేళ్ల గృహ నిర్బంధం. 2021 నవంబరు 2న లాస్ వేగాస్‌లో హెన్రీ రగ్స్ కూడా తాగే నడిపాడు. అతని కారు వెనక నుంచి గుద్దడంతో ముందు కారులోని 23 ఏళ్ల యువతి మంటల్లో చనిపోయింది. అతనికి 2023 ఆగస్టులో మూడు నుంచి పదేళ్ల జైలు పడింది. ఇద్దరూ స్టార్లే, ఇద్దరూ తాగినవాళ్లే. మరి ఇంత తేడా ఎక్కడిది? గుద్దడానికి ముందు రగ్స్ కారు గంటకు 250 కిలోమీటర్ల వేగం అందుకున్నట్టు ఆ కారులోని యంత్రమే నమోదు చేసింది. రక్తంలో మద్యం అక్కడి హద్దుకు రెట్టింపు ఉన్నట్టు పరీక్ష చెప్పింది. స్టాల్‌వర్త్ అక్కడి నుంచి పారిపోలేదు, పోలీసులకు సహకరించాడు, చనిపోయినాయన కుటుంబంతో పరిహారం మీద ఒప్పందం చేసుకున్నాడు, శిక్ష తగ్గడానికి ఆ కుటుంబమూ ఒప్పుకుంది. అంటే తేడా తెచ్చింది పేరు కాదు. సాక్ష్యం, అక్కడి చట్టం, బాధితుల సమ్మతి. ఆ సమ్మతికి దారి వేసిన పరిహారం డబ్బున్నవాడు కాబట్టే ఇవ్వగలిగాడు కదా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్న, కాదనలేం. కానీ అప్పుడు మన కోపం తగలాల్సింది అతను ఆడే ఆటకు కాదు, డబ్బుతో శిక్ష తగ్గించుకోనిచ్చే పద్ధతికి. ఆ పద్ధతి కాంట్రాక్టరుకూ, ఫ్యాక్టరీ యజమానికీ అలాగే పనికొస్తుంది. వాళ్ల మీద మాత్రం ఎవరూ టీవీలో చర్చ పెట్టరు.

మన దేశంలో క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ కేసు ఉంది. అది గుద్దిన కేసు కాదు, రోడ్డు మీద బండి అడ్డంగా ఉందని మొదలైన గొడవ. 1988 డిసెంబరు 27న పటియాలాలో దెబ్బ తిన్న 65 ఏళ్ల మనిషి చనిపోయాడు. 1999లో కింది కోర్టు కేసు కొట్టేసింది. 2006లో హైకోర్టు మూడేళ్ల జైలు వేసింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని వెయ్యి రూపాయల జరిమానాకు కుదించింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు, చనిపోయినాయన కుటుంబం వేసిన రివ్యూ పిటిషన్ మీద ఏడాది కఠిన కారాగారం విధించింది. దెబ్బ బలం ఎంతో తెలిసిన అంతర్జాతీయ క్రికెటర్ అతను అన్న విషయాన్ని కోర్టు ఈసారి అతనికి వ్యతిరేకంగానే లెక్కలోకి తీసుకుంది. మొదట పేరు కాపాడింది, తర్వాత పేరే పట్టించింది అని దీన్ని కథలా చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో కనపడేది 33 ఏళ్ల ఆలస్యం. అన్నేళ్లూ కేసును మోసింది ఆ కుటుంబం. మధ్యలో అతను ఎంపీ అయ్యాడు, మంత్రి అయ్యాడు, టీవీలో నవ్వించాడు, జనమూ నవ్వారు.

తాగి నడిపితేనే నేరం, మిగతాదంతా రాత అన్నది ఇంకో నమ్మకం. 2022 డిసెంబరు 30 తెల్లవారుజామున క్రికెటర్ రిషభ్ పంత్ ఢిల్లీ నుంచి ఒక్కడే కారు నడుపుకుంటూ వెళ్తుంటే, రూర్కీ దగ్గర బండి డివైడర్‌ను గుద్ది కాలిపోయింది. హర్యానా రోడ్‌వేస్ బస్సు డ్రైవరు, కండక్టరు అతన్ని కాపాడారు. కునుకు పట్టిందని అతనే చెప్పినట్టు పోలీసులు తెలిపారు. గుంతను తప్పించబోయాడని తర్వాత కొందరు పెద్దలన్నారు. అక్కడ గుంతే లేదని హైవే సంస్థ తేల్చింది. దేశమంతా అతని కోసం మొక్కుకుంది, మొక్కుకోవడం తప్పు కాదు. కానీ ఆ వేళకు అదే రోడ్డు పక్కన పాలు పోయడానికి సైకిలు మీద పోయేవాడు ఒకడు ఉండి ఉంటే? పంత్ చేసింది అదే పని, అదే కునుకు. ఫలితం మారితే మన మాట మొత్తం మారిపోయేది. 2003లో శ్రీలంక స్పిన్నర్ కౌశల్ లొకుఆరచ్చి విషయంలో అలాంటి ఫలితమే వచ్చింది, కారు ప్రమాదంలో ఒక మహిళ చనిపోయింది, క్రికెట్ బోర్డు అతన్ని కొంతకాలం ఆటకు దూరం పెట్టింది. చట్టానికి మద్యం ఒక్కటే లెక్క కాదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే, తాగకపోయినా సరే, పాత శిక్షాస్మృతిలోని 304ఎ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్ల దాకా పెంచింది. నిద్ర ముంచుకొస్తున్నా స్టీరింగ్ వదలకపోవడం నిర్లక్ష్యమే. రాత్రంతా టమోటా లోడు తోలుకొచ్చే డ్రైవరుకు ఈ మాట చెప్పడానికి మనం వెనకాడం. స్టారుకు చెప్పడానికే నోరు రాదు.

జనం గట్టిగా అరిస్తేనే కేసు కదులుతుందనేవాళ్లూ ఉన్నారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదకరం. 2024 మే 19న పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు ఇంజనీర్లు చనిపోతే, మూడు వందల పదాల వ్యాసం రాయమని చెప్పి బెయిలిచ్చారు. దేశం భగ్గుమంది. ఆ వేడిలోనే రక్త నమూనా మార్చేశారన్న సంగతి బయటపడి ఇద్దరు డాక్టర్లు అరెస్టయ్యారు. జనం ఊరుకుని ఉంటే ఇది తేలేది కాదేమో. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ అదే వేడిలో కుర్రాణ్ని పరిశీలన గృహానికి పంపిన ఉత్తర్వులు చట్టానికి నిలబడవని జూన్ 25న బొంబాయి హైకోర్టు అతన్ని విడుదల చేసింది. ఆగ్రహం అధికారిని నిద్ర లేపగలదు గానీ, సాక్ష్యంగా పనికిరాదు. ఇక రోడ్డు మీది ఆగ్రహం సంగతి వేరే చెప్పాలి. గుద్దిన డ్రైవరు గాయపడినవాణ్ని ఆస్పత్రికి చేర్చాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతూనే, గుంపు దాడికి దిగి అది సాధ్యం కానప్పుడు మినహాయింపు కూడా ఇచ్చింది. అంటే మనం డ్రైవరు మీద చెయ్యి చేసుకున్న ప్రతిసారీ, పారిపోయినవాడికి కోర్టులో చెప్పుకోవడానికి ఒక సాకును మనమే అందిస్తున్నాం.

మన దృష్టి ఎటు పోతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలికి పోతున్న ఆడవాళ్ల ఆటో మీద కరెంటు తీగ తెగిపడి ఐదుగురు కాలిపోయి చనిపోయారు. ఉడత వల్ల తీగ తెగిందని విద్యుత్ సంస్థ చెప్పడంతో తాడిమర్రి పేరు దేశమంతా తిరిగింది. జనం ఉడత మీద జోకులు వేసుకున్నారు, కార్టూన్లు గీశారు. అందులో స్టార్ ఎవరూ లేరు, అయినా వింతగా ఉన్నదే అందరి నోళ్లలో నానింది. ఆ ఐదుగురి పేర్లు అడిగితే మండలం దాటాక చెప్పగలిగేవాళ్లు అరుదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. రోజుకు 460కి పైనే. వాటిలో నిందితుడు పేరున్నవాడైన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అనంతపురం ఆర్డీటీ మైదానానికి 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆడటానికి క్రికెటర్లు వస్తే చూడటానికి ఎగబడిన అభిమానం, ఏదో ఒకనాడు ద్వేషంగా మారినా చూపు మాత్రం మారదు, అది క్రికెటరు మీదే ఉంటుంది.

అన్నిటికన్నా నష్టం చేసే అపోహ డబ్బు గురించి. గుద్దినవాడు కోటీశ్వరుడు కదా, ఆ కుటుంబానికి కోట్లు వస్తాయిలే అని తేలిగ్గా అనేస్తారు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ లెక్క కట్టేది గుద్దినవాడి ఆస్తిని బట్టి కాదు, చనిపోయినవాడి సంపాదనను బట్టి. ధర్మవరంలో మగ్గం నేసే 35 ఏళ్ల మనిషి నెలకు 15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ తీర్పులో చెప్పినట్టు, నలభై లోపు స్వయం ఉపాధి వాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000. తన సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టికలో ఆ వయసుకు గుణకం 16 కాబట్టి 30,24,000. దహన సంస్కారాలు, తోడు కోల్పోవడం లాంటి పద్దుల కింద ఇంకొంత కలుస్తుంది. ఇప్పుడు అసలు చిక్కు చూడండి. మాస్టర్ వీవరు కూలి చేతికిచ్చాడు, చీటీ లేదు, బ్యాంకులో పడలేదు. నెలకు 15,000 అని రుజువు చేయలేకపోతే ట్రిబ్యునల్ ఏ 8,000 దగ్గరో ఆగుతుంది. అదే లెక్క వేస్తే వచ్చేది 16,12,800. ఒక కాగితం లేకపోవడం వల్ల పోయింది 14,11,200. కారు నడిపింది ప్రపంచ కప్ గెలిచినవాడైనా, ఇటుకల ట్రాక్టరు తోలేవాడైనా ఈ లెక్కలో ఒక్క రూపాయి తేడా రాదు. పైగా బీమా ఉంటే ఆ డబ్బు ఇచ్చేది బీమా కంపెనీ, స్టారు జేబు కాదు. సిగ్గుతోనో, పేరు కాపాడుకోవడానికో అతను విడిగా ఇస్తే అది వేరు. చట్టం దాని మీద ఆధారపడలేదు. ఇంటి పని చేసే ఆడవాళ్లకు సంపాదన లేదు కదా అని వదిలేయకూడదని, వాళ్ల శ్రమకూ విలువ కట్టాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇది మన ఊళ్లలో చాలామంది కోడళ్ల, తల్లుల కుటుంబాలకు తెలియని సంగతి.

పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ కుదిర్చితే కేసు అయిపోయినట్టే అని ఊళ్లలో ఇంకా అంటుంటారు. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో లేదు. కుటుంబం వద్దన్నా ప్రభుత్వం తరఫున కేసు నడుస్తుంది. రాజీ పేరుతో చేతికొచ్చిన లక్షో రెండు లక్షలో చూసి ట్రిబ్యునల్‌కు వెళ్లకపోతే పోయేది తమకు రావాల్సిన పెద్ద మొత్తమే. బోర్డు నిషేధించింది కాబట్టి శిక్ష పడినట్టే అనుకోవడం, మళ్లీ ఆడనిచ్చారు కాబట్టి నిర్దోషి అనుకోవడం కూడా ఈ బాపతే. బోర్డు ఆట గురించి తేలుస్తుంది. ప్రాణం గురించి తేల్చాల్సింది కోర్టు.

ఇంతకీ ఆటగాడు తనను ఆరాధించే పిల్లలకు ఆదర్శం కాబట్టి అతనికి ఎక్కువ శిక్ష వేయాలి అనే వాదన ఒకటుంది. వినడానికి బాగుంటుంది. కానీ దాన్ని ఒప్పుకుంటే రేపు అదే తర్కంతో, దేశానికి పతకాలు తెచ్చాడు కాబట్టి తక్కువ వేయాలన్న లాయరు వాదనకు మన దగ్గర జవాబుండదు. ఎంత వేగం, ఎంత మద్యం, ఎంత నిద్ర, ఆగాడా పారిపోయాడా, ఇవే కొలతలుగా ఉండాలి. వీటిలో ఏదీ అతని సెంచరీల సంఖ్య మీద ఆధారపడదు.

మీ ఊళ్లో ఇలాంటిది జరిగితే, గుద్దింది ఎవరైనా సరే, ఫోన్లో తిట్లు రాయడానికి ముందు ఆ ఇంటివాళ్లకు నాలుగు పనులు గుర్తు చేయండి. ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోమనండి, ఏ సెక్షన్ రాశారో చూడమనండి. పోస్టుమార్టం నివేదిక అడగమనండి. చనిపోయినవారి సంపాదనకు ఏ చిన్న కాగితం ఉన్నా, కూలి చీటీ, పాస్‌బుక్కు, డ్వాక్రా సంఘం పుస్తకం, ఏదైనా సరే, భద్రంగా తీసిపెట్టమనండి. ప్రమాదం ఎక్కడ జరిగినా, బతికున్న కుటుంబం తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. చట్టంలో ఆరు నెలల గడువు రాసి ఉంది. దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచినా, ఆ గడువులోపే వేసుకోవడం క్షేమం.