దానం సొమ్ముకు పద్దు కావాలి

అనంతపురం: వాన కోసం ఆకాశం వంక చూసి బతికే ఈ మెట్ట సీమలో సేద్యానికి లెక్క వేయని రైతు లేడు. చెనక్కాయ విత్తనం ఎంత, మందు ఎంత, కూలి ఎంత, చివరకు చేతికి వచ్చింది ఎంత అని అడిగితే అరుగు మీద కూర్చుని వేళ్ల మీద చెప్పేస్తాడు. అదే రైతు తన బిడ్డ చదువుకు, తన ఇంటి రోగికి ఆసరా ఇచ్చే ధర్మసంస్థకు డబ్బు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో మాత్రం పెద్దగా పట్టించుకోడు. "దాతలు ఇస్తారు గదా" అని ఊరుకుంటాడు.

ఆ మాట చాలదని 2025లో తెలిసివచ్చింది. ఉమ్మడి జిల్లా పల్లెల్లో అర్ధ శతాబ్దానికి పైగా పాతుకుపోయిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీకి విదేశీ విరాళాలు పుచ్చుకునే అనుమతి పునరుద్ధరణ విషయంలో చిక్కు వచ్చి పడింది. దవాఖానా నడుస్తుందా, పిల్లల ఫీజులు కడతారా అని ఊరూరా కలవరం పుట్టింది. జనం రోడ్ల మీదికి వచ్చారు. దానం సొమ్ముకు కూడా తొవ్వ ఉంటుందనీ, ఆ తొవ్వ మూసుకుంటే దాని మీద ఆధారపడిన ఇల్లు ఆగిపోతుందనీ అప్పుడు అందరికీ తెలిసింది.

లక్ష ఇళ్ల నుంచి వచ్చే సొమ్ము

స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ మత గురువుగా 1952లో మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. మరుసటి ఏడే తిరిగి వచ్చి అనంతపురంలో అడుగుపెట్టారు. 1969లో ఆర్డీటీ ఆవిర్భవించింది. ఆ తరువాత ఆయన గురువు పదవి వదులుకుని అన్నే పెర్రీని పెళ్లాడారు. 2009 జూన్ 19న కన్నుమూసే వరకూ ఈ నేలను వదలలేదు. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది.

సంస్థ చేసిన పనులు జిల్లా వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కాగా వాటి వెనుక ఉన్న డబ్బు ఏర్పాటు మాత్రం తెలుసుకోదగినది. 1996లో బార్సిలోనాలో విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ఏర్పడింది. స్పెయిన్‌లో ఉద్యోగులు, చిన్న దుకాణదారులు, పింఛనుదారులు నెల నెలా కొంత సొమ్ము కడతారు. అట్లా కట్టేవారు లక్షకు పైబడి ఉన్నారు. ఒక్కొక్కరికి ఇక్కడి ఒక బిడ్డ పేరు చెబుతారు. ఆ బిడ్డ ఫోటో వెళుతుంది, ఉత్తరం వెళుతుంది. అయితే ఆ డబ్బు ఆ ఒక్క బిడ్డ చేతిలోనే పడదు. ఊరి బడికి, వైద్యానికి, ఇళ్లకు, నీళ్లకు కలిపి ఖర్చవుతుంది. పేరు ఒకరిది, ఫలం ఊరిది.

ఇందులో ఒక బలం ఉంది. ఒక్క కోటీశ్వరుడు ఇచ్చే విరాళం ఆయన మనసు మారితే ఆగిపోతుంది. లక్ష మంది చిన్న దాతల్లో వెయ్యి మంది మానుకున్నా మిగతావారు నిలబెడతారు. ఒక బలహీనత కూడా ఉంది. ఎంత మంది కట్టినా ఆ సొమ్మంతా ఒకే వాకిలి గుండా రావాలి. ఆ వాకిలి ప్రభుత్వ అనుమతి.

ఒకే బ్యాంకు, ఒకే ఖాతా

విదేశీ విరాళాల మీద మొదటి చట్టం 1976లో వచ్చింది. దాని స్థానంలో 2010లో కొత్త చట్టం చేశారు. 2020లో దాన్ని బిగించారు. ఈ సవరణ తరువాత విదేశీ విరాళం ఏదైనా ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చులకు అంతకు ముందు నూటికి 50 వంతుల వరకు వాడుకునే వీలుండగా, దాన్ని 20కి తగ్గించారు. ఒక సంస్థ తాను పుచ్చుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు పంచడానికి వీల్లేదు. అనుమతి ఐదేళ్లకే. ఆ తరువాత మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఏటేటా లెక్కలు ఆడిటరు సంతకంతో కేంద్రానికి పంపాలి.

పంచరాదన్న నిబంధన పల్లెల్లోని చిన్న సంస్థలకు పెద్ద దెబ్బ. స్వయంగా అనుమతి తెచ్చుకోలేని చిన్న సంస్థలు అంతకు ముందు పెద్ద సంస్థ దగ్గర కొంత సొమ్ము తీసుకుని పని చేసేవి. ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వాటికి దిక్కు దేశంలోని దాతలు, కంపెనీలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో నూటికి 2 వంతులు సమాజ సేవకు ఖర్చు చేయాలి. చదువు, వైద్యం ఆ పద్దు కిందికే వస్తాయి.

పళ్ల మీద మరక, నీళ్లలో మూలం

ధర్మం సొమ్ము ఏ పనికి ముందు పెట్టాలన్నది మరో ప్రశ్న. దీనికి ఈ జిల్లాలో పళ్ల జబ్బే మంచి ఉదాహరణ.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో చెరువులు ఎండగా జనం బోర్ల మీద పడ్డారు. నల్లరాతి పొరల్లోకి లోతుగా దిగిన కొద్దీ చాలా చోట్ల నీటిలో ఫ్లోరైడ్ హెచ్చుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగడానికి తగదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు అటువంటి నీరు తాగితే చిగురు లోపల తయారవుతున్న పళ్ల మీదే దెబ్బ పడుతుంది. మొదట సున్నం గీతల మాదిరి తెల్ల చారలు, ముదిరితే పసుపు, గోధుమ రంగు మరకలు ఏర్పడతాయి. ఇది గార కాదు. వేపపుల్లతో తోమినా, పళ్లపొడి మార్చినా పోదు. అంటురోగం అంతకన్నా కాదు. పెళ్లి చూపుల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఆడపిల్ల తప్పు అందులో వీసమెత్తు లేదు.

పెద్దయ్యాక ఆ మరకను దంత వైద్యుడు కప్పగలడు గాని, అది ఒక్కొక్క పంటికీ ఖర్చు. చిన్ననాడే మంచి నీరు ఇస్తే ఆ ఖర్చు పుట్టదు. పుట్టపర్తి సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1995లో చేపట్టిన మంచినీటి పథకం సుమారు 730 పల్లెలకు నీరందించింది. దాని గుర్తుగా తపాలా శాఖ 1999 నవంబరు 23న స్టాంపు కూడా విడుదల చేసింది. దాన్ని నీళ్ల పథకం అనే అందరూ అంటారు. ఎన్నో ఊళ్ల పిల్లల పళ్లకు అది కాపు కూడా. అయితే పైపులు వేయడం ఒకసారి అయ్యే ఖర్చు. పంపులకు కరెంటు, మనుషులకు జీతం ప్రతి నెలా వచ్చే ఖర్చు. కట్టే దాత దొరికినంత సులువుగా నడిపే దాత దొరకడు.

దంత శిబిరాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎవరో పెద్దమనిషి రోగిని కూర్చోబెట్టి పళ్లు చూసే కుర్చీ ఇస్తాడనుకుందాం. దాని మీద ఆయన పేరు ఉంటుంది. ఆ సొమ్ము కుర్చీకే చెల్లుతుంది, వైద్యుడి జీతానికి మళ్లించరాదు. జీతానికి, మందుకు, మరమ్మతుకు వేరే ఏర్పాటు లేకపోతే కుర్చీ గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది. అందుకే కోశాధికారి తెలిసినవాడైతే కుర్చీ పుచ్చుకునే ముందే "మూడేళ్లు నడిపే ఖర్చు ఎవరు ఇస్తారు?" అని అడుగుతాడు.

మాట ఇచ్చేది ఒకసారి, కట్టేది నాలుగేళ్లు

ధర్మసంస్థలు ఎక్కువగా తప్పటడుగు వేసేది స్కాలర్‌షిప్పుల దగ్గర. దంత వైద్య పట్టా చదువు నాలుగేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. సీటు నీట్ పరీక్ష మీద వస్తుంది. రాయలసీమలో ఈ చదువుకు ప్రభుత్వ కళాశాల కడపలో ఉంది. ఫీజులో కొంత ప్రభుత్వం భరించినా హాస్టలు, పుస్తకాలు, సొంతంగా కొనుక్కోవలసిన పనిముట్లు పేద ఇంటికి మోయలేని బరువు. ఆ లోటు పూడ్చడమే స్కాలర్‌షిప్పు చేయవలసిన పని.

ఒక చిన్న దంత వైద్య ట్రస్టుకు ఏటా 10 లక్షల రూపాయల ఆదాయం ఉందనుకుందాం. ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే అందులో నూటికి 85 వంతులు, అంటే 8 లక్షల 50 వేలు, ధర్మకార్యాలకు వినియోగించాలి. ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 60 వేలు చొప్పున నాలుగేళ్లు ఇస్తామని మాట ఇచ్చి, ఏటా ఇద్దరిని కొత్తగా చేర్చుకుంటే మొదటి ఏడు అయ్యేది 1 లక్షా 20 వేలే. రెండో ఏడు 2 లక్షల 40 వేలు. నాలుగో ఏటికి ఎనిమిది మంది అవుతారు, ఖర్చు 4 లక్షల 80 వేలు. ఆదాయంలో దాదాపు సగం.

మొదటి ఏడాది పెట్టెలో డబ్బు కనిపించిందని ఇద్దరికి బదులు నలుగురిని చేర్చుకుంటే? నాలుగో ఏడు 9 లక్షల 60 వేలు కావాలి. పల్లెల్లో శిబిరాలకు మిగిలేది 40 వేలు. ఆ ఏడే కరువు వచ్చి దాతలు వెనక్కి తగ్గితే మూడో సంవత్సరంలో ఉన్న విద్యార్థి మధ్యలో ఆగిపోతాడు. చదువు మధ్యలో ఆగినవాడికి పట్టా ఉండదు, అప్పు ఉంటుంది. మొదటే సాయం లేదని చెప్పి ఉంటే ఆ ఇల్లు మరో దారి చూసుకునేది. ఇచ్చిన మాట తప్పడం ఇవ్వకపోవడం కంటే కీడు చేస్తుంది.

దీనికి విరుగుడు మూలధనం. దాత "ఇది కదిలించకండి, వడ్డీ మాత్రం వాడండి" అని రాసి ఇచ్చే సొమ్ము అది. నూటికి 7 వడ్డీ అనుకుంటే 20 లక్షల మూలధనం మీద ఏడాదికి 1 లక్షా 40 వేలు వస్తుంది. ఇద్దరు విద్యార్థులకు సరిపోతుంది. ఏటా ఇద్దరు కొత్తవారితో ఎనిమిది మందిని ఎల్లకాలం నిలపాలంటే 69 లక్షల దాకా కావాలి. అంత లేని సంస్థ ఇద్దరినే చేర్చుకుని నలుగురిని కాదనడం పిసినారితనం కాదు, నిజాయితీ. పెద్ద ఖర్చు కోసం ముందుగా పద్దు రాసి ఐదేళ్ల వరకు సొమ్ము కూడబెట్టుకునే వీలు కూడా చట్టంలో ఉంది.

ఎవరికి ఇవ్వాలన్నది కూడా తేల్చుకోవాలి. మార్కులు చూడాలా, పేదరికం చూడాలా అన్న నియమం దరఖాస్తులు రాకముందే రాసి పెట్టుకోవాలి. వచ్చాక రాసిన నియమం ఎవరో ఒకరి కోసం రాసినట్లే అవుతుంది. ఎంపిక చేసేవారి బంధువులు దరఖాస్తు పెడితే ఆ సభ్యుడు లేచి బయటికి పోవాలి. ఫీజు సొమ్ము నేరుగా కళాశాలకు కట్టడం మేలు. ఎంత మందికి, ఎంత మొత్తం ఇచ్చారన్నది బోర్డు మీద రాయాలి గాని, పేద పిల్లవాడి పేరు, ఇంటి పరిస్థితి నలుగురిలో చదివి అవమానపరచడం తగదు.

ఊరి వారు అడగదగినవి

లెక్క అడిగితే దాత చిన్నబుచ్చుకుంటాడేమోనన్న మొహమాటం పల్లెల్లో ఉంది. నిజానికి దాత కోరేది కూడా లెక్కనే. ఊళ్లో పనిచేసే ఏ సంస్థనైనా నాలుగు మాటలు అడగవచ్చు. పోయిన సంవత్సరం ఆడిట్ అయిందా, ఆ కాగితం చూపుతారా? చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉంటాయా? ఇచ్చిన ప్రతి పైసాకూ నంబరు వేసిన రసీదు ఉందా? ఈ ఏడు మొదలుపెట్టిన పనికి వచ్చే ఏడు సొమ్ము ఎక్కడిది?

చందా ఇచ్చేవారికి ఒక జాగ్రత్త. పన్ను మినహాయింపు కావాలంటే 2 వేల రూపాయలకు మించి నగదుగా ఇవ్వరాదు. బ్యాంకు ద్వారా ఇవ్వాలి, రసీదు పుచ్చుకోవాలి. మినహాయింపు అక్కరలేని కూలివాడు పది రూపాయలు ఇచ్చినా రసీదు పుచ్చుకోవడం అతని హక్కు.

బోరు నీళ్ల సంగతి కూడా అడగవలసిందే. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలల్లో నీటిని పరీక్షిస్తారు. ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలియకుండా దంత శిబిరాలు పెట్టడం కుండకు చిల్లు ఉంచి నీళ్లు పోసినట్లే.

బయటి సాయం ఎంత పెద్దదైనా అది ఒక అనుమతి కాగితం మీద ఆధారపడి ఉందని 2025 నేర్పింది. ఊరి వారు తలా కొంత వేసుకుని, బ్యాంకులో దాచి, సక్రమంగా పద్దు రాసుకున్న నిధి చిన్నదే కావచ్చు. ఒక పిల్లవాడి హాస్టలు ఖర్చుకే సరిపోవచ్చు. కాని ఆ పిల్లవాడి చదువు ఎవరి సంతకం కోసమూ ఆగదు.