బానెట్ కింద ఆ కూత ఏమిటి?

పొద్దున్నే బండి తీయగానే బానెట్ కిందనుంచి 'కీ...' మంటూ ఒకటే కూత. ఎదురింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూస్తారు. రెండు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. "పాత బండి కదా, అలాగే అరుస్తుందిలే" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. కానీ గుడివాడ నుంచో, నూజివీడు నుంచో హనుమాన్ జంక్షన్ చేరి, అక్కడ 16వ నెంబరు జాతీయ రహదారి ఎక్కి పిల్లలతో విజయవాడ వెళ్లే ఇల్లాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. లారీల మధ్య, మిట్టమధ్యాహ్నం బెల్టు తెగితే? అందుకే ఆ కూత ఏం చెబుతోందో మనకు తెలిసుండాలి.

బెల్టు చేసే పని

అమ్మ కాలితో తొక్కే కుట్టుమిషన్ గుర్తుందా? కింది పెద్ద చక్రం తిరిగితే తోలు బెల్టు పై చక్రాన్ని తిప్పేది. వదులైతే జారిపోయేది. కారులోనూ అంతే. ఇంజను ఒక రబ్బరు బెల్టును తిప్పుతుంది. ఆ బెల్టు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌నూ, ఏసీ కంప్రెసర్‌నూ, చాలా బండ్లలో ఇంజన్ని చల్లబరిచే వాటర్ పంపునూ తిప్పుతుంది.

కూతల్లో తేడాలు

స్టార్ట్ చేసినప్పుడో, ఏసీ వేసినప్పుడో సాగదీసి కీచుమంటే బెల్టు జారుతున్నట్టు. అది వదులై ఉండాలి, అరిగి ఉండాలి, లేదా దానిమీద ఆయిలో, కూలెంటో పడి ఉండాలి. వానాకాలం తడికి ఒకనాడు అరిచి ఊరుకుంటే కంగారు లేదు. రోజూ అరిస్తే మాత్రం చూపించాల్సిందే.

పిచ్చుకలా 'కిచ్ కిచ్' మంటూ ఇంజను వేగంతోపాటు పెరిగితే పుల్లీలు ఒకే వరసలో లేవేమోనని చూడాలి. నూనె లేని బావి గిలకలా గరగరమంటుంటే ఏదో ఒక పుల్లీ బేరింగు పోయినట్టే.

మెకానిక్కులు ఓ చిన్న పరీక్ష చేస్తారు. ఇంజను తిరుగుతుండగా బెల్టు గాడుల వైపు కాసిని నీళ్లు చిలకరిస్తారు. కూత పెరిగితే బెల్టు జారుతోంది. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీ వరస తప్పింది. ఏ మార్పూ లేకపోతే బేరింగును అనుమానించాలి. ఈ పని వాళ్లకే వదిలేయండి. తిరిగే బెల్టు దగ్గర కొంగు, చున్నీ, జడ చాలా ప్రమాదం. ఇంజను ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు, జాగ్రత్త.

షెడ్డులో ఏమని చెప్పాలి?

"బెల్టు మార్చండి" అనకండి. కూత ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏసీ వేస్తే పెరుగుతోందా... ఇవి చెప్పండి. బెల్టు తీసి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడమనండి. బేరింగు పోయిన పుల్లీ మీద కొత్త బెల్టు వేసినా కూత మళ్లీ వస్తుంది, డబ్బు దండగ. అలాగే బెల్టు చూడకుండానే ఆల్టర్నేటర్ మార్చాలంటే ఒప్పుకోకండి. జంక్షన్‌లో షెడ్డయినా, విజయవాడ ఆటోనగర్ అయినా సరే, తీసిన పాత సామాను చూపించమని అడగడం మన హక్కు.

"పగుళ్లు లేవమ్మా, బెల్టు బాగానే ఉంది" అన్నా నమ్మేయకండి. పాతకాలం బెల్టులు పగిలేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు పైకి బాగానే కనిపిస్తూ గాడుల్లో అరిగిపోతాయి. కూత ఆగడానికి కొబ్బరినూనె, గ్రీజు, సబ్బు రాయడమూ వద్దు. ఇంకా జారుతుంది, రబ్బరూ పాడవుతుంది.

దారిలో కూతతోపాటు ఎర్ర బ్యాటరీ దీపం వెలిగినా, వేడి ముల్లు పైకెక్కినా "ఇంకో పది కిలోమీటర్లేగా" అనుకోవద్దు. రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపేయండి. వేడిమీద రేడియేటర్ మూత తీయకండి. బెల్టు ఖర్చుతో పోయేదాన్ని ఇంజను దాకా తెచ్చుకోవడం ఎందుకు?