నవరత్నాల పాత ఉంగరం: రాళ్ల గుర్తింపులో పాటించవలసిన పద్ధతులు

శంకరంపేట (మెదక్ జిల్లా): తరతరాలుగా కుటుంబాలలో భద్రపరచబడుతున్న రాళ్లు పొదిగిన బంగారు ఉంగరాలను అమ్మునపుడు గాని, కుదువ పెట్టునపుడు గాని రాళ్ల బరువును మినహాయించి బంగారానికి మాత్రమే విలువ కట్టడం పరిపాటి. బంగారు రుణాల విషయమై రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో జారీ చేసిన ఆదేశాలు కూడా రాళ్ల విలువను కలపరాదని పేర్కొంటున్నవి. రాళ్లు ఏవో ముందుగా నిర్ధారణ కానిచో అసలైన కెంపు సైతం రంగురాయిగా చేజారిపోయే ప్రమాదం కలదు. గాజుముక్కకు కెంపు వెల చెల్లించే ప్రమాదమూ కలదు.

నవరత్నాల ఉంగరంలో సాధారణంగా మధ్యన కెంపు, దాని చుట్టూ వజ్రం, ముత్యం, పగడం, పచ్చ, పుష్యరాగం, నీలం, గోమేధికం, వైడూర్యం పొదుగుతారు. ఈ అమరిక ఏ స్థానంలో ఏ రాయి ఉండవలెనో తెలుపునే గాని, ఉన్నది అదేనని నిరూపించదు.

రంగును బట్టి రాయిని నిర్ణయించరాదు. ఎర్రరాయి కెంపు, స్పినెల్, గార్నెట్, గాజులలో ఏదైనా కావచ్చును. బ్రిటిష్ రాజకిరీటంలోని 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' నిజానికి స్పినెల్. కెంపు వక్రీభవన గుణకం 1.76–1.77 కాగా, స్పినెల్‌ది సుమారు 1.72. కెంపులో కాంతికిరణం రెండుగా చీలును; స్పినెల్, గార్నెట్, గాజులలో చీలదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూచినపుడు గుండ్రని గాలిబుడగలు కనిపించినచో గాజు అని అనుమానించవలెను.

ఉంగరం పాతదైనంత మాత్రాన రాయి సహజమైనదని భావించరాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నూయి కృత్రిమ కెంపు తయారీ విధానాన్ని 1902లోనే ప్రకటించారు. ఆ విధానంలో తయారైన రాళ్లలో వంపు తిరిగిన సన్నని గీతలు కనిపిస్తాయి. ముత్యం సహజమైనదో, పెంపకపుదో తేల్చుటకు ఎక్స్‌రే పరీక్ష అవసరం.

అడుగుభాగం మూసిన పాతకాలపు పొదుగుళ్లలో రాయి కింద మెరుపు రేకు అమర్చి ఉండవచ్చును. అట్టి రేకు రాయి అసలు రంగును మరుగుపరచును. తడి తగిలినచో రేకు చెడిపోవును. కావున కడుగుట తగదు. బంగారం పరీక్షకు వాడే ఆమ్లం ముత్యాన్ని, పగడాన్ని కరిగించును. గీకి చూచుట, వేడి చేయుట కూడా తగదు. పొదిగిన రాయి బరువును కొలతల ఆధారంగా అంచనా వేయగలరే గాని కచ్చితంగా తూచలేరు. ఒక కారెట్టు 200 మిల్లీగ్రాములకు సమానం.

హాల్‌మార్కు బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ, రాళ్లకు వర్తించదు. రాళ్ల నిర్ధారణకు రత్న పరీక్షా ప్రయోగశాల నివేదికయే ఆధారం.

పంచనామాలో 'కెంపు', 'పచ్చ' అని నేరుగా వ్రాయుటకు బదులు, నిర్ధారణ జరిగే వరకు 'ఎర్రరాయి', 'ఆకుపచ్చ రాయి' అని రంగు, ఆకారం, సంఖ్య, మిల్లీమీటర్లలో కొలతలు నమోదు చేసి, ఛాయాచిత్రం జతపరచుట శ్రేయస్కరం. ఆ విధంగా నమోదైనచో తదుపరి రాయి మార్పిడి జరిగినా గుర్తించుట సులభమగును. పత్రికా వార్తలలోనూ ఇదే జాగ్రత్త పాటించుట సముచితం.