చూడకయే తీర్పు చెప్పవచ్చునా?

మొన్న నొక సాయంకాలము మా యింట చిన్న వివాదము పుట్టినది. కళాశాలలో చదువుచున్న మా మేనల్లుడు తన ఫోనులో ఔరంగజేబును గూర్చిన నాలుగు నిమిషముల దృశ్యము నొకదానిని చూచి, “మామయ్యా, ఇట్టిదానిని దూరదర్శనువా రెట్లు ప్రసారము చేసిరి?” అని కోపించెను. ప్రక్కనే కూర్చున్న మా బావగారు ఆ దృశ్యమునే చూచి, “ఇంత నిజమును నేడు చూపువా రెవరు?” అని మెచ్చుకొనిరి. అది “భారత్ ఏక్ ఖోజ్” అను ధారావాహికలోనిది. తరచి యడుగగా ఇరువురిలో నొక్కరును ఆ భాగమును మొదటినుండి తుదివరకు చూడలేదని తేలినది. చూడనిదానికి ఒకరు శిక్షను, ఒకరు బహుమానమును విధించిరి! నాడు మొదలు రాత్రి భోజనానంతరము ఇంటిల్లిపాదియు టెలివిజను ఎదుట కూర్చుండి, ఆ ధారావాహికను వరుసగా చూడ నారంభించితిమి. మాకు తోచిన సంగతులను పాఠకుల కిచట నివేదించుచున్నాము.

జవహర్‌లాల్ నెహ్రూ 1944లో అహమ్మదునగరు కోటలో బందీగా నుండి వ్రాసి, 1946లో ప్రకటించిన గ్రంథమే దీనికి మూలము. శ్యామ్ బెనెగల్ దానిని 53 భాగములుగా నిర్మింపగా, 1988లో దూరదర్శనులో ప్రసారము మొదలయ్యెను. బెనెగల్ మనకు పరాయివాడు కాడు. 1934లో సికిందరాబాదు చెంతనున్న తిరుమలగిరిలో జన్మించి, హైదరాబాదు నిజాము కళాశాలలో చదివినవాడు. తెలంగాణపు పల్లెలోని భూస్వామి దౌష్ట్యమును “అంకుర్” చిత్రమున 1974లో లోకమునకు చూపినవాడు. 1978లో తెలుగున “అనుగ్రహం” తీసినవాడు. 2024 డిసెంబరులో ఆయన కాలధర్మము నొందెను.

ఈ ధారావాహికలో మమ్ము మొట్టమొదట నాకర్షించినది దాని ఆరంభగీతము. వనరాజ్ భాటియా స్వరపరచిన యా గీతమునకు ఋగ్వేదము దశమమండలములోని నాసదీయసూక్తము ఆధారము. సృష్టి యెట్లు కలిగెనో ఎవరికి తెలియునని యడిగి, సందేహముతోనే ముగియు సూక్తమది. దేశచరిత్రను చెప్పబూనినవాడు సమాధానముతో గాక ప్రశ్నతో ఆరంభించుట యెంత వినయము! అందుకు తగినట్లే, భారతమాతకు జయమని పల్లెవాసులు నినదింపగా, ఆ మాత యెవరని నెహ్రూ వారినే ప్రశ్నించుటతో కథ నడక సాగును. రోషన్ సేఠ్ నెహ్రూ పాత్రను ధరించెను. కథను చెప్పు ఓంపురియే దుర్యోధనుడుగను ఔరంగజేబుగను కూడ వేషము వేసెను. మహాభారతకథకు తీజన్‌బాయి పండవానీ గానమును చేర్చిరి. మన బుఱ్ఱకథకు చుట్టమనదగిన యా కళను చూచి మా యింటి వృద్ధురాలు కన్ను మరల్పలేదు.

లోపములు లేవని మేమనము. నడక మందము. కొన్ని యుద్ధములు రంగస్థలముమీది యుద్ధములవలెనే యున్నవి. సంస్కృతపదబహుళమగు హిందీ మన పిల్లలకు సులభముగా కొరుకుడు పడదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది యొక మహాపురుషుని కంటితో చూచిన చరిత్రయే కాని సర్వసమ్మతమగు చరిత్ర కాదు. అయినను ఔరంగజేబు భాగములు ముగిసిన రాత్రి మా మేనల్లుడును బావగారును అర్ధరాత్రివరకు వాదించుకొనిరి. ఈ మారు వాదము కోపముతో నిలువక, ఆ రాజ్య మేల క్షీణించెనను ప్రశ్నకు మరలినది. మరునాడు కుఱ్ఱవాడు గ్రంథాలయమునుండి రెండు చరిత్రపుస్తకములు తెచ్చుకొనెను. ఒక కార్యక్రమమునకు ఇంతకు మించిన ప్రశంస యేమి కలదు?

చూచి తీర్పు చెప్పుట యనునది ఎంత గొప్ప ధర్మమో ఆ కాలపు మరియొక వృత్తాంతము తెలుపుచున్నది. భీష్మ సాహ్ని నవల ననుసరించి గోవింద నిహలానీ నిర్మించిన “తమస్” కూడ 1988లోనే దూరదర్శనులో వచ్చెను. దేశవిభజన కాలమున ఒక పట్టణమున మతకలహ మెట్లు రగిల్పబడెనో అందలి కథ. అది ద్వేషమును పెంచునని, ఆపివేయవలెనని కొందరు న్యాయస్థానమున కెక్కిరి. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తు లిరువురు ఆ చిత్రమునంతయు స్వయముగా చూచి, పిదపనే అభ్యంతరమును త్రోసిపుచ్చిరి. సుప్రీంకోర్టును ఆ నిర్ణయమునే బలపరచెను. కలహమును చూపుట వేరు, కలహమునకు పురికొల్పుట వేరు. ఆ భేదము సంపూర్ణముగా చూచినవానికే గోచరించును.

పిమ్మట బెనెగల్ 2014లో రాజ్యసభ టెలివిజనుకై నిర్మించిన పది భాగముల “సంవిధాన్” చూచితిమి. 1946 డిసెంబరు 9న తొలిసారి సమావేశమై, 1949 నవంబరు 26న రాజ్యాంగమును ఆమోదించిన సభయొక్క చరిత్ర యది. దుర్గాబాయి, పట్టాభి సీతారామయ్య, రంగా, అల్లాడి కృష్ణస్వామి అయ్యరు మున్నగు మనవారును సభ్యులుగా నుండిన సభ యది. ఒకరు చెప్పునది ఒకరు వినుటయు, విని ప్రత్యుత్తర మిచ్చుటయు అందు చూచిన పిదప, వార్తాచానలు త్రిప్పితిమి. ఆరుగు రొక్కమారే కేకలు వేయుచుండిరి. ఎవరి మాటయు ఎవరికిని వినబడలేదు. మా మేనల్లుడు తనంత తానే దానిని కట్టివేసెను.

కావున పాఠకులకు మా మనవి యిది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి మన పల్లెలలో నొకరు పత్రిక చదువగా పదిమంది విని, ఆ పిమ్మట అరుగుమీద చర్చించు ఆచారము పెరిగినది. ఆ ఆచారమును మనము టెలివిజను ఎదుటికి తేలేమా? ప్రతి గ్రంథాలయమందును, ప్రతి పాఠశాలయందును ఆదివారమున కొక భాగమును సంపూర్ణముగా ప్రదర్శించి, ఒక గంట చర్చ జరుపుటకు గొప్ప ధనము అక్కరలేదు. ఒక తెరయు, కొన్ని కుర్చీలును, వినెడి ఓర్పును చాలును. చీరాల పేరాల వీరగాథయు, పెదనందిపాడు పన్నుల నిరాకరణమును ఇట్టి నిష్ఠతో తెలుగున ధారావాహికములై రావలెనని కోరుటకు అట్టి ప్రేక్షకులకే అధికారము కలుగును. నాలుగు నిమిషముల తునుకను చూచి తన పూర్వులను తిట్టువాడును, పొగడువాడును వారి నెరుగనివారే. మొదట చూతము; పిదప వాదింతము.