తీసేశారు సరే, చెరిపేశారా?

కంపెనీలు వదిలించుకునే పాత డిస్కుల్లో ఖాతాదారుల వివరాలు చెక్కుచెదరకుండా ఉండిపోతున్నాయి. చెరిపినట్టు రుజువేదని అడిగేవారే తక్కువ.

2017 అక్టోబరులో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం నుంచి మోర్గాన్ స్టాన్లీ సంస్థకు ఓ ఈమెయిల్ వచ్చింది. రాసింది ఒక కంప్యూటర్ కన్సల్టెంట్. ఇంటర్నెట్ వేలంలో తాను కొన్న పాత హార్డ్ డిస్కుల్లో మీ సంస్థ సమాచారం కనిపిస్తోందన్నది దాని సారాంశం. ఇంత పెద్ద ఆర్థిక సంస్థ, పాత సామగ్రిని వదిలించుకునేటప్పుడు సమాచారం చెరిపేసినట్టు కనీసం రుజువైనా తీసుకోవద్దా అని ఆయన చురక కూడా వేశారు.

ఆ రుజువు ఖరీదు ఎంతో తర్వాత తెలిసొచ్చింది. 2016లో రెండు డేటా సెంటర్లను మూసేసినప్పుడు సరైన పర్యవేక్షణ కొరవడిందంటూ బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ 2020లో మోర్గాన్ స్టాన్లీకి 6 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. 2022 సెప్టెంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ మరో 3.5 కోట్ల డాలర్లు వడ్డించింది. వేల డిస్కులు, సర్వర్లను తొలగించే పనిని, డేటా విధ్వంసంలో ఏ అనుభవమూ లేని సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించారని ఎస్‌ఈసీ తేల్చింది. ఆ కంపెనీ వాటిని మరొకరికి అమ్మింది. అలా చేతులు మారి కొన్ని వేలానికి చేరాయి. దాదాపు 1.5 కోట్ల మంది ఖాతాదారుల వివరాలను కాపాడడంలో సంస్థ విఫలమైందన్నది అభియోగం. దాన్ని ఒప్పుకోకుండా, ఖండించకుండా సంస్థ జరిమానా కట్టింది. అమ్ముడైపోయిన పరికరాల్లో అత్యధికం మళ్లీ దొరకనేలేదు.

ర్యాక్‌లో ఏముంది?

వ్యాపార సంస్థల సర్వర్ గదుల్లో డిస్కులు విడివిడిగా ఉండవు. 19 అంగుళాల వెడల్పున్న ఇనుప ర్యాకుల్లో అరలు అరలుగా బిగించి ఉంటాయి. మూడున్నర అంగుళాల ఎత్తున్న ఒక్క పెట్టెలోనే సాధారణంగా 12 పెద్ద డిస్కులు పడతాయి. ఒకటి పాడైనా పని ఆగకుండా సమాచారాన్ని వాటన్నిటికీ పంచే పద్ధతే రెయిడ్. అందుకే చెడిపోయిన డిస్కును యంత్రం నడుస్తుండగానే లాగేసి కొత్తది తోసేస్తారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సమాచారం ముక్కలైపోయింది కాబట్టి ఒక్క డిస్కు ఎవరికి దొరికినా నష్టం లేదని చాలామంది నమ్మకం. నిజానికి ఆ ముక్కలు తరచూ వేల అక్షరాల పొడవుంటాయి. ఒక ఖాతాదారు పేరు, చిరునామా, ఖాతా నంబరు పట్టడానికి అందులో కొద్ది చోటు చాలు. ఇక అద్దంలో ప్రతిబింబంలా రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉంచే పద్ధతిలోనైతే లాగేసిన డిస్కులో పూర్తి నకలే ఉంటుంది. చెడిపోయిన డిస్కు ఆదేశాలకు స్పందించదు కాబట్టి దాన్ని చెరపడమూ కుదరదు. కానీ లోపలి పళ్లేల మీది రాత అలాగే ఉంటుంది. ప్రయోగశాలలో దాన్ని చదవగలిగేవారు ఉన్నారు.

చెరపడంలో తిరకాసు

ఫైలును డిలీట్ చేయడమంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది. పేజీలు ఎక్కడికీ పోవు. ఎంఐటీ పరిశోధకులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 158 పాత డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా శుభ్రం చేసినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో బయటపడ్డాయి.

మొత్తం డిస్కు మీద కొత్త రాత రాయడం ఒక మార్గం. ఆధునిక హార్డ్ డిస్కుకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు, పదేపదే రాయనక్కర్లేదు. కానీ 20 టెరాబైట్ల డిస్కుకు ఆ ఒక్కసారికే దాదాపు ఒక రోజు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలతో మరో ఇబ్బంది. అవి కొత్త రాతను పాతదాని మీద కాక వేరే చోట రాస్తాయి. పాతది మూలన మిగిలిపోవచ్చు. కాబట్టి వాటిని తయారీదారు ఇచ్చిన చెరిపివేత ఆదేశంతోనే చెరపాలి. బలమైన అయస్కాంతంతో హార్డ్ డిస్కును తుడిచేయవచ్చు గానీ ఎస్‌ఎస్‌డీ మీద అది పనిచేయదు.

అన్నిటికన్నా సులువైంది మొదటి రోజు నుంచే సమాచారాన్ని సంకేతభాషలో ఉంచడం. చివర్లో తాళంచెవిని నాశనం చేస్తే క్షణాల్లో పని పూర్తవుతుంది. మోర్గాన్ స్టాన్లీ శాఖా కార్యాలయాల్లో తీసేసిన సర్వర్లలో 42 కనిపించకుండా పోయాయి. వాటిలో ఈ సదుపాయం ఉంది. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ ఆన్ చేయలేదు.

లెక్క చెప్పాల్సిందెవరు?

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పాత కంప్యూటర్ల వ్యాపారం కొత్తేమీ కాదు. పాత సరకు మళ్లీ వాడుకలోకి రావడం మంచిదే. తప్పు అమ్మడంలో లేదు, చూడకుండా అమ్మడంలో ఉంది. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు ఇచ్చామన్న ధీమా కూడా చాలదు. ఆ నమోదు పర్యావరణ రక్షణకు సంబంధించింది, సమాచార చెరిపివేతకు హామీ కాదు.

2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, అవసరం తీరిన వివరాలను చెరిపేయాలంటోంది. భద్రత చర్యల్లో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. 2025 నవంబరులో నిబంధనలను నోటిఫై చేసిన ప్రభుత్వం ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చింది.

ఆ గడువులో చేయాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. ర్యాకు నుంచి బయటికొచ్చే ప్రతి డిస్కు సీరియల్ నంబరు రాసుకోవాలి. ఏ పద్ధతిలో, ఎవరు, ఎప్పుడు చెరిపారో పక్కన నమోదు చేయాలి. కొన్నిటినైనా తెరిచి సరిచూడాలి. స్పందించని డిస్కును వారంటీ కింద వెనక్కి పంపకుండా ముక్కలు చేయించాలి. లెక్కలో ఒక్కటి తగ్గినా లారీ కదలకూడదు.

సర్వర్ గది తలుపుకు వేలిముద్ర తాళం, బయట కాపలాదారు, గోడకు కెమెరా. ఇంత కట్టుదిట్టంగా కాపాడిన డిస్కు చివరి రోజున పాత సామాన్ల లారీ ఎక్కుతుంది. అందులో ఉన్నది కంపెనీ ఆస్తి కాదు. నమ్మి వివరాలిచ్చిన ఖాతాదారుది.